చంటిబిడ్డ ఉన్న ఇంటికి టెంపరరీ ఉద్యోగం వస్తే: చేరాలా, ఆగాలా?

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉద్యోగం లేని ఆడవాళ్లకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "ఆరు నెలల పోస్టు. పన్నెండు వేలు. రేపు పొద్దున్నకల్లా చెప్పాలి." అవతలివాళ్లకు తొందర. మనకేమో ఒళ్లో ఏడాదిన్నర పాప, బ్యాంకులో కరిగిపోతున్న డబ్బులు. "టెంపరరీకి పోయి ఏం బాగుపడతావు" అని ఒకరు, "వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా" అని ఇంకొకరు. ఆ రాత్రంతా టెన్షనే.

ఇలాంటప్పుడు చాలామంది ముందు జీతం చూస్తారు, తర్వాత ఎన్ని నెలలో చూస్తారు, ఆఖర్న బిడ్డ సంగతి "ఎలాగో సర్దుకుందాంలే" అంటారు. ఈ వరస తిరగెయ్యాలన్నది నా మాట. ముందు బిడ్డను ఎవరు చూస్తారో తేలాలి. తర్వాత ఆ పని అయిపోయిన రోజున చేతిలో ఏం మిగులుతుందో చూడాలి. జీతం మూడోది. తండ్రే ఇంట్లో ఉండి బిడ్డను చూసుకుంటూ పని వెతుక్కుంటున్న ఇళ్లకూ ఇదే లెక్క.

బిడ్డను చూసేదెవరు

"అత్తగారు చూస్తారు" అంటే సగం జవాబే. ఏ నెలల్లో చూస్తారు? జూలై, ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరి నాట్లు, పడతాయి. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు. సొంత పొలం ఉన్నా, కూలికి వెళ్లినా ఆ రోజుల్లో పెద్దావిడ ఇంటిపట్టున ఉండదు. ఉండమని అడగడం కూడా న్యాయం కాదు, ఏడాదిలో ఆమె చేతికి నాలుగు డబ్బులొచ్చే రోజులవి. కాబట్టి మీకొచ్చిన ఆరు నెలలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో క్యాలెండర్ దగ్గర పెట్టుకుని ఆవిడతో మీరే మాట్లాడండి. ఆయన చేత చెప్పించొద్దు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, నడక నేర్చిన పిల్ల వెనక రోజంతా పరుగెత్తగలదా అన్నది కూడా మొహమాటం లేకుండా అడగాలి. "చూస్తాను" అన్న మాటలో ఒక్కోసారి కొడుకు మీద మొహమాటమే ఎక్కువ ఉంటుంది.

అంగన్‌వాడీ మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ప్రీస్కూల్ మూడేళ్లు నిండిన పిల్లలకు, ఆరేళ్ల వరకు. అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి పోషకాహారం ఇస్తారు, బరువు చూస్తారు, అంతే. మూడేళ్లు దాటిన పిల్లయితే మీ చిక్కు సగం విడినట్టే. అయినా అంగన్‌వాడీ మూసే వేళకీ మీరు బస్సు దిగే వేళకీ మధ్య రెండు గంటలుంటుంది. ఆ రెండు గంటలకు మనిషి కావాలి.

పక్కింటావిడకు నెలకింత అని ఇచ్చి వదిలితే తప్పేమీ లేదు. కాకపోతే ముందు ఒక మధ్యాహ్నం వాళ్లింట్లో కూర్చుని చూడండి. పొయ్యి నేల మీద ఉందా? నీళ్ల డ్రమ్ముకు మూత ఉందా? గుమ్మం తెరిస్తే నేరుగా రోడ్డేనా? ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు నీళ్లంటే ప్రాణం. బకెట్లోకి తలవంచిన పిల్ల తనంతట తాను లేవలేదు. మీరు చెప్పకపోతే ఆ డ్రమ్ము మూత గురించి ఇంకెవరూ చెప్పరు.

ఇక రెండో మనిషి. మొదటి మనిషికి ఒంట్లో బాగోలేని రోజున ఎవరు? మన దగ్గర టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. తొమ్మిదో నెల టీకా, తర్వాత పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య బూస్టర్. ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది, మర్నాడు బిడ్డ తల్లిని వదలదు. టెంపరరీ పనుల్లో చాలాచోట్ల రాని రోజుకు జీతం లేదు. నెలకు రెండు మూడు రోజులు ఇలా పోతాయని ముందే లెక్క వేసుకుంటే తర్వాత ఏడుపు ఉండదు. రెండో మనిషి పేరు చెప్పలేకపోతున్నారంటే, నా ఉద్దేశంలో మీరు ఇంకా చేరడానికి సిద్ధంగా లేరు.

ఆరు నెలలు నిండని బిడ్డయితే, ఇల్లు గడవని పరిస్థితి ఉంటే తప్ప, ఆగమనే చెబుతాను. ఆరు నెలల వరకు తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు అని ఆశా కార్యకర్త చెప్పేది నిజం. ఎనిమిది గంటలు బయట ఉండి అది సాగించడం చాలా కష్టం. ఆరు నెలలు దాటాక దారి ఉంది. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. బయటైతే గది చల్లగా ఉంటే నాలుగు గంటలు, మన మే నెల ఎండల్లో అంతసేపు కూడా నమ్మొద్దు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లలను చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చని 2017లోనే ప్రసూతి చట్టంలో చేర్చారు. కాంట్రాక్టు మీద ఉన్న తల్లి కూడా తల్లే. ఇంటర్వ్యూలోనే అడగండి. లేదంటే లేదని తెలుస్తుంది, పోయేదేమీ లేదు.

పన్నెండు వేలలో ఇంటికొచ్చేదెంత

నెల్లిమర్ల నుంచి విజయనగరం టౌన్లో ఒక ఆఫీసుకు, పన్నెండు వేలకు వెళ్తున్నారనుకుందాం. మొత్తం జీతం మీద పీఎఫ్ కోస్తే 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, 0.75 శాతం, 90 రూపాయలు. చేతికొచ్చేది 10,470. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆఫీసుకు ఆటో రానూపోనూ 40 అయితే, 26 రోజులకు 1,040. బిడ్డను చూసే ఆవిడకు మూడు వేలు. పై ఖర్చులకు ఒక అయిదు వందలు. మిగిలింది 5,930.

ఇంత తక్కువా అని నీరుగారిపోనక్కర్లేదు. పీఎఫ్ కింద పోయిన 1,440 మీ డబ్బే, మీ ఖాతాలోనే ఉంటుంది. యజమాని కూడా 12 శాతం కట్టాలి. అందులో 8.33 శాతం పెన్షన్‌కు, 3.67 శాతం మీ పీఎఫ్‌లోకి వెళ్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేకపోవడం ఈ లెక్కను చాలా మార్చింది. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం, చీపురుపల్లి నుంచి విజయనగరం వచ్చేవాళ్లకు ఇంతకుముందు జీతంలో మంచి ముక్కే బస్సుకు పోయేది. అందుకే ఉద్యోగం చూసేటప్పుడు బస్సు దిగి నడిచి వెళ్లగలిగే చోటా, ఆటో ఎక్కాలా అని కూడా చూసుకోండి. పైలెక్కలో ఆ 1,040 నడకతో పోతే దాదాపు ఏడు వేలు మిగులుతాయి.

ఈఎస్ఐ కార్డును చాలామంది చిన్నచూపు చూస్తారు. బిడ్డ ఉన్న ఇంటికి అది పెద్ద ఆసరా. జీతం 21 వేల లోపు ఉంటే వర్తిస్తుంది, చేరిన రోజు నుంచే మీకూ, మీ మీద ఆధారపడిన పిల్లలకూ వైద్యం ఉంటుంది. ఆస్పత్రిలో పడుకుంటే చూసుకోవడానికి వేరే పథకాలున్నాయి. కానీ పిల్లలకు నెలనెలా వచ్చే దగ్గు, జ్వరం, విరేచనాల మందులకు డబ్బులు మన జేబులోంచే పోతాయి. అక్కడ పనికొచ్చేది ఇదే.

మోసం కూడా ఇక్కడే జరుగుతుంది. కొందరు ఏజెన్సీవాళ్లు యజమాని వాటాను కూడా మన జీతంలోంచే కోస్తారు. అది చట్టవిరుద్ధం. ఇంకొందరు కోసి అసలు కట్టరు. మొదటి నెల జీతం పడ్డాక ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, మీ పేరు మీద డబ్బు పడిందో లేదో చూసుకోండి. ఇంతకుముందు ఉద్యోగంలో యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, ఉంటే అదే ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు.

ఎంత జీతమన్నదానికన్నా ఎప్పుడు పడుతుందన్నది నన్నడిగితే ఎక్కువ ముఖ్యం. ఆఫీసు ఔట్‌సోర్సింగ్ పోస్టుల్లో బిల్లు పాసవ్వలేదని రెండు మూడు నెలలు ఆగడం మామూలైపోయింది. మీరు మాత్రం బిడ్డను చూసే ఆవిడకు ఒకటో తారీఖున ఇచ్చి తీరాలి. చేరేముందు అక్కడ పనిచేస్తున్న వాళ్లలో ఒకరిని, వీలైతే ఆడమనిషిని, టీ తాగే చోట కలిసి "పోయిన నెల జీతం ఎప్పుడు పడింది" అని అడగండి. మేనేజరు చెప్పే తారీఖు కాదు, ఆమె చెప్పే తారీఖు నమ్మండి.

బియ్యం కార్డు పోతుందేమోనన్న భయం చాలా ఇళ్లలో ఉంది, అది ఉత్త భయం కాదు. కార్డుకు ఆదాయ హద్దు పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ జీతం రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆరు నెలల పని కోసం ఇంటిల్లిపాది కార్డు మీదకు తెచ్చుకుంటున్నామా అన్నది సంతకానికి ముందు మీ ఊరి సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఏ పని ఎలాంటిది

ఆఫీసుల్లో డేటా ఎంట్రీ, అటెండర్, ఆస్పత్రుల్లో కాంట్రాక్టు పోస్టులకు వేళలు నిలకడ. పదికెళ్లి అయిదుకు రావచ్చు. బిడ్డ తల్లికి అంతకన్నా కావలసిందేముంది. చిక్కల్లా ఏజెన్సీతోనే. టెండరు మారితే మీరుంటారో లేదో చెప్పేవాడుండడు. ఈ పోస్టుల కోసం లక్ష, లక్షన్నర అడిగే మధ్యవర్తులున్నారు. ఆరు నెలల పోస్టుకు లక్ష కడితే ఆ ఆరు నెలలూ మీరు పనిచేసింది ఆ మనిషి కోసమే. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ప్రైవేటు స్కూల్లో లీవ్ వేకెన్సీ, అంటే సెలవు పెట్టిన టీచరు స్థానంలో పని, అయితే, మూడేళ్లు దాటిన పిల్ల ఉన్న తల్లికి నేను మొదట సూచించేది అదే. జీతం తక్కువే. కానీ పిల్లను వెంట తీసుకెళ్లి నర్సరీలో కూర్చోబెట్టవచ్చు, చాలా స్కూళ్లు టీచర్ల పిల్లలకు ఫీజు తగ్గిస్తాయి. ఇద్దరూ ఒకే వేళకు ఇంటికొస్తారు. అడగాల్సినవి రెండు: వేసవిలో జీతం ఉందా, వేసవిలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలా? చేరాక తెలిస్తే ఎండలో చంటిదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు.

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో జీతం ఎక్కువ, పీఎఫ్, ఈఎస్ఐ దాదాపు ఖాయం, కంపెనీ బస్సు ఉంటుంది. కానీ షిఫ్టులు మారతాయి. ఉదయం ఆరు గంటల షిఫ్టు అంటే చీకటితోనే హైవే మీద బస్సు కోసం నిలబడాలి. బిడ్డ లేచేసరికి మీరుండరు. మధ్యాహ్నం షిఫ్టయితే బిడ్డ పడుకున్నాక వస్తారు. భార్యాభర్తలిద్దరూ అక్కడే వేర్వేరు షిఫ్టుల్లో చేస్తూ పిల్లను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకునే ఇళ్లున్నాయి. సాగుతుంది, కానీ ఇద్దరికీ నిద్ర ఉండదు. పగటి వేళ మారని జనరల్ షిఫ్టు రాసిస్తే చేరండి. నోటిమాటకు చేరొద్దు.

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పని ఉంది. ఇందులో పిక్కలు కొట్టడం వేరు, పప్పు మీద పొట్టు తీయడం వేరు. పిక్క కొట్టేటప్పుడు వచ్చే సొన చేతికి తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది, నూనో బూడిదో రాసుకుని చేసేవాళ్లను అడిగితే చెబుతారు. పాకే బిడ్డ ఉన్న ఇంట్లోకి ఆ పిక్కలు, ఆ పెంకులు తేకూడదు. మీరు పనినుంచి వచ్చాక కూడా చేతులు శుభ్రంగా కడుక్కుని, చీర మార్చుకునే బిడ్డను ఎత్తుకోవాలి. పొట్టు తీసే పని అంత ప్రమాదం కాదు, కిలోల లెక్కన ఇస్తారు, మీ వీలును బట్టి చేసుకోవచ్చు. కాకపోతే పీఎఫ్ లేదు, ఏ కాగితమూ రాదు. చేయి ఖాళీగా ఉన్న నెలను దాటించడానికి పనికొస్తుంది, దాన్నే నమ్ముకుంటే ఎదుగుదల లేదు.

దసరా, సిరిమానోత్సవం నుంచి సంక్రాంతి దాకా బట్టల షాపులు మనుషులను తీసుకుంటాయి. ఆ రోజుల్లో రాత్రి పదైనా షట్టర్ దించరు. చిన్నబిడ్డ ఉంటే వదిలెయ్యండి. ఊళ్లో ఉపాధి పని దొరికితే వేసవి ఉదయాలకు బాగానే ఉంటుంది. 2025-26కు మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు పెట్టారు, తవ్విన కొలతను బట్టి చేతికి అంతకన్నా తక్కువ రావచ్చు.

ఇంట్లో కూర్చుని టైపింగ్ చేస్తే నెలకు పాతిక వేలు, ముందు రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు కట్టండి అని వాట్సాప్‌లో వచ్చేవి నూటికి నూరు పాళ్లూ మోసం. చంటిపిల్లల తల్లుల ఆశ మీదే వాళ్ల వ్యాపారం, అది తలచుకుంటే కడుపు మండుతుంది. డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చదువు కోసం ఆగుతున్నవాళ్లకు

డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లకు ఈ ప్రశ్న ఇంకా కష్టం. నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. నోటిఫికేషన్ వచ్చి పరీక్ష మూడు నెలల్లో ఉంటే ఏ టెంపరరీ పనిలోనూ చేరొద్దు, అప్పు చేసైనా చదవండి. నోటిఫికేషన్ రాలేదు, వస్తుందంటున్నారు అంతే అన్నప్పుడు మాత్రం దానికోసం ఇంట్లో కూర్చోవద్దు. 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్లో. మధ్యలో అన్నేళ్లు ఎదురుచూసిన ఆడపిల్లలను మన రెండు జిల్లాల్లో ఏ వీధిలో అడిగినా చెబుతారు. టీచరు అర్హత పరీక్ష టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి ఆ ఖాళీలో టెట్ మార్కులు పెంచుకుంటూ ఏదైనా స్కూల్లో చెప్పుకోవడం మేలు. పొద్దంతా పాఠం చెప్పిన మనిషికి రాత్రి మెథడాలజీ పుస్తకం అంత కొత్తగా అనిపించదు.

బిడ్డతో ఇంట్లో ఉంటే చదువుకోవచ్చనుకోవడం కూడా అన్నిసార్లూ నిజం కాదు. రోజుకు మూడు గంటలు బిడ్డను ఎవరో ఒకరు అందుకుంటేనే అది చదువు. అలా అందుకునే మనిషి లేకపోతే ఉద్యోగమూ లేక, చదువూ లేక ఏడాది గడిచిపోతుంది.

ఇంటి పరిస్థితిని బట్టి

చేతిలో మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంటే నచ్చని పనిని వద్దనే హక్కు మీకుంది. ఆ డబ్బు లేకపోతే, లేదా డ్వాక్రా వాయిదా, బంగారం మీద అప్పు నెత్తిన ఉంటే, బిడ్డకు ఇద్దరు మనుషులు దొరికిన రోజున ఏ పనైనా చేరిపోవడమే మంచిది. వెతకడం ఆపకుండా చేరండి. చేతిలో పని ఉండి ఇంకో పని అడిగే మనిషికీ, ఏడాదిగా ఖాళీగా ఉండి అడిగే మనిషికీ ఎదుటివాడు చెప్పే జీతంలోనే తేడా ఉంటుంది. అది అన్యాయమే, కానీ ఉన్నమాట.

ఆయన చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తూ, ఇక్కడ మీరొక్కరే బిడ్డతో ఉంటే లెక్క వేరు. మీరు జ్వరంతో పడుకున్నా బిడ్డను చూసేవాళ్లు లేని ఇల్లది. అమ్మగారి ఊరికి దగ్గరలో వచ్చిన ఎనిమిది వేల పని, అత్తవారి ఊళ్లో వచ్చిన పన్నెండు వేల పనికన్నా నయం కావచ్చు. నలుగురూ ఏమనుకుంటారో అని ఆ మాటను పక్కన పెట్టకండి.

చేరాలని తేల్చుకుంటే వారం గడువు అడగండి. ఇస్తారు, అడిగేవాళ్లు తక్కువ. ఆ వారంలో బిడ్డను చూసే మనిషి దగ్గర మొదటి రోజు గంట, తర్వాత పూట, తర్వాత రోజంతా వదిలి చూడండి. మొదటి రెండు రోజులు ఏడవడం మామూలే. అన్నం ముట్టడం లేదు, రాత్రి ఉలిక్కిపడి లేస్తోంది అంటే ఇంకొంత గడువు అడగండి, లేదా మనిషిని మార్చండి.

ఉత్తర్వు చేతికిచ్చినప్పుడు జీతం ఇచ్చేది ఆఫీసా ఏజెన్సీయా, ఎన్నాళ్లకు, ఎన్ని సెలవులు, మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ చదివాకే సంతకం పెట్టండి. కంపెనీయే నేరుగా ఫిక్స్‌డ్ టర్మ్, అంటే ఇన్నాళ్లకని గడువు పెట్టిన ఉద్యోగం, అని రాసిస్తే మంచిది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం అలాంటివాళ్లకు ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం, వస్తుంది. అప్పుడు పదకొండు నెలల పోస్టుకీ పన్నెండు నెలల పోస్టుకీ తేడా ఎంతో మీకే అర్థమవుతుంది.

గడువు ముగిసే నెలలోనే, ఇంకా అక్కడ పనిచేస్తుండగానే, అనుభవ పత్రం సంతకం చేయించుకోండి. ఏజెన్సీ మారిపోయాక పాతవాళ్లు ఫోన్ ఎత్తరు. పీఎఫ్‌లో మానేసిన తేదీ వేశారో లేదో కూడా చూసుకోండి. వాళ్లు వేయకపోతే, ఆఖరి నెల డబ్బు పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు.